ఆ ఫొటోలో చివరి లైను

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో పాలకేంద్రాల కంప్యూటర్ మెషీన్లు మూలనపడ్డాయని వార్త వేశారు. పాలు పోసేవాళ్లు మళ్లీ చేతిరాత పుస్తకాలకే వచ్చారనీ, కారణం 'సాంకేతిక లోపం' అనీ రాశారు. పక్కనే ఒక ఫొటో. క్యాన్ల దగ్గర బల్ల మీద చిన్న తెర, ఆ నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. మా ఆవిడ పంచాంగం చూసుకునే భూతద్దం అడిగి తీసుకుని ఆ అక్షరాలు చదివాను. చివరి లైనులో 'కెర్నెల్ పానిక్' అని ఉంది. దాని కొసన 179,2 అని రెండు అంకెలు.

మీ విలేకరికి అది అర్థంకాని గోల. నాకు మాత్రం పాత పరిచయస్తుడు బస్టాండులో ఎదురుపడ్డట్టు అనిపించింది. 179 అంటే మెమరీ కార్డు. 2 అంటే ఆ కార్డులో రెండో భాగం. 'నేను నిద్ర లేచాను గానీ నా సామాన్లున్న గది తలుపు రావడం లేదు, ఇక నావల్ల కాదు' అని లినక్స్, అంటే అడుగున ఉండి ఆ పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్, చేతులెత్తేస్తూ చెప్పే మాట అది. లోపం ఎక్కడుందో మెషీనే రాసి చూపిస్తోంది. దాని గురించే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, అలవాటు పోలేదు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా అత్తగారిది తెనాలి దగ్గర ఒక పల్లె. అక్కడి పాల సంఘానికి మా బావమరిది కార్యదర్శి. పూర్వం గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆసిడ్, దానిమీద 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, గిర్రున తిప్పి వెన్న శాతం చూసేవాళ్లు. ఆ ఆసిడ్ చుక్కలకు మా వాడి లుంగీలన్నీ జల్లెళ్లయ్యాయి. ఆరేడేళ్ల కిందట సంఘం డబ్బుతో మెషీన్ కొన్నారు. మెషీన్ అంటే కాటా, ఫ్యాట్ చూసే ఎనలైజర్, చీటీ కొట్టే బుల్లి ప్రింటర్, ఈ మూడింటినీ కలిపే ఒక పెట్టె.

రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత మొదలయ్యాయి తిప్పలు. కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి పెట్టె లేచేది కాదు. లేచినా నిమిషంన్నర పట్టేది, ఈలోగా లైనులో ఇరవై బిందెలు. కొన్నిసార్లు సాయంత్రం పోసిన పాలు పొద్దుటి పూట ఖాతాలో పడేవి. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే కార్డు మార్చాలన్నారు. కార్డుకో రేటు, మనిషి వచ్చినందుకో రేటు. మూడోసారి చేస్తే ఫోన్ ఎత్తలేదు. నాలుగోసారి ఆ నంబరే లేదన్నారు. వాళ్ల పేరు రాయను. వాళ్లొక్కరే అయితే రాసేవాణ్నేమో.

"బావా, నువ్వు ఎలక్ట్రానిక్స్ మాస్టారివే కదా, దీన్నో చూపు చూడరాదూ" అన్నాడు మా వాడు. ఆ మాటతో నా రిటైర్మెంటు అయిపోయింది.

పెట్టె విప్పితే లోపల రాస్‌ప్‌బెర్రీ పై 3 బోర్డు. 2016 ఫిబ్రవరి 29న వచ్చిన మోడల్. నాలుగు కోర్ల ప్రాసెసర్, 1 జీబీ మెమరీ, మొత్తం కంప్యూటర్ అరచేతిలో పడుతుంది. అప్పట్లో దాని ధర 35 డాలర్లు. బోర్డుకేమీ కాలేదు. తంటా అంతా దాంట్లో వేసిన సరుకుతో. డెస్క్‌టాప్‌లో వాడుకునే పూర్తి స్థాయి లినక్స్‌ని యథాతథంగా కార్డులోకి దింపి, ఒక మూల వాళ్ల ప్రోగ్రామ్ పెట్టారు. బ్రౌజరు ఉంది, బొమ్మలు చూసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆటలు కూడా ఉన్నాయి. చేయాల్సిన పని పాల చీటీ కొట్టడం. ఇద్దరికి ఉప్మా చేయడానికి పెళ్లి వంటబృందాన్ని పిలిపించినట్టు.

ఇంత పటాలం ఉన్న వ్యవస్థ ఖాళీగా కూర్చోదు. ఎవరూ అడక్కపోయినా కార్డు మీద ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది. రాస్తున్న క్షణాన కరెంటు పోతే సగం వాక్యం మిగిలిపోతుంది. మెమరీ కార్డుతో ఇంకో చిక్కుంది. అందులో చిన్న ముక్క మార్చాలన్నా పెద్ద దిమ్మ మొత్తం చెరిపి తిరిగి రాయాలి. ఆ మధ్యలో కరెంటు పోతే మనం ముట్టుకోని పక్క ఫైళ్లు కూడా తుడిచిపెట్టుకుపోవచ్చు. మా పల్లెలో కరెంటు సరిగ్గా సాయంత్రం పాల వేళకే పోతుంది. ఏం సరదానో దానికి.

పొద్దుటి ఖాతా సంగతీ అప్పుడే తేలింది. ఈ బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు. ఇంటర్నెట్ ఉంటే టైమ్ అక్కణ్నుంచి తెచ్చుకుంటుంది. లేకపోతే ఆఖరిసారి ఎప్పుడు టైమ్ రాసిపెట్టుకుందో అక్కణ్నుంచే లెక్క మొదలుపెడుతుంది. మధ్యలో కరెంటు లేని గంటలు దాని దృష్టిలో జరగనే లేదు.

సరే, ఈ పెట్టెకు కావలసినంత మాత్రమే ఉన్న లినక్స్ నేనే కట్టుకుంటాననుకున్నాను. 'కట్టడం' అంటే లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ రాయడం కాదండీ, భయపడకండి. బిల్డ్‌రూట్ అని ఒక సాధనం ఉంది. 2001 ప్రాంతంలో చిన్న యంత్రాల కోసం సీ భాష లైబ్రరీ (ప్రోగ్రాములన్నీ వాడుకునే సిద్ధం సరుకు) తయారుచేసేవాళ్లు తమ పరీక్షల కోసం మొదలుపెట్టారు. ఇప్పటికీ మూడు నెలలకోసారి కొత్త విడుదల వస్తుంది. 2024.02 అంటే 2024 ఫిబ్రవరిది అని పేరే చెబుతుంది. ఉచితం. ఏ బోర్డు, ఏ కెర్నెల్, ఏయే సాఫ్ట్‌వేర్లు కావాలో మెనూలో టిక్కు పెడతాం. అది ఇంటర్నెట్‌లోంచి ఒక్కోదాని మూలం (సోర్స్ కోడ్) దించుకుని, ముందు మన ల్యాప్‌టాప్‌లో కూర్చుని మూలాన్ని ఆ బోర్డు భాషలోకి మార్చే కంపైలర్ తయారుచేసుకుని, దాంతో మిగతావన్నీ వండి, చివరికి కార్డులో దింపుకునే ఒకే ఫైలు చేతిలో పెడుతుంది. వందలాది లినక్స్ ఆజ్ఞల స్థానంలో బిజీబాక్స్ అనే ఒక్క ప్రోగ్రామ్ ఉంటుంది. దాన్ని 1995లో డెబియన్ అనే లినక్స్ రకం ఇన్‌స్టాల్ ఫ్లాపీలో పట్టించడానికి బ్రూస్ పెరెన్స్ మొదలుపెట్టారు. ఫ్లాపీ పోయింది, బిజీబాక్స్ మిగిలింది.

హైదరాబాద్‌లో పనిచేసే నా పాత విద్యార్థి ఒకడు యోక్టో అనే ఇంకో సాధనం వాడమన్నాడు. "సార్, ఇండస్ట్రీలో అందరూ అదే". యాభై జీబీకి పైగా ఖాళీ జాగా కావాలంది. నా ల్యాప్‌టాప్‌లో అంత లేదు. "పది రకాల ప్రోడక్టులు చేసేవాళ్లకి అదిరా, నాకున్నది ఒక్క పెట్టె" అన్నాను. వాడూ ఒప్పుకున్నాడు.

మొదటి రాత్రి కట్టడం మొదలుపెట్టమని 'మేక్' అని కొట్టగానే ఆగిపోయింది. మీ పాత్‌లో (ప్రోగ్రాములు వెతికే దారుల జాబితాలో) ఖాళీలున్నాయి, ఇలా పనిచేయదు, సరిచేసుకోండి అంది. నేను విండోస్ లోపలే లినక్స్ తెరుచుకుని కూర్చున్నాను. విండోస్‌లో 'ప్రోగ్రామ్ ఫైల్స్' అన్న ఫోల్డరు పేరులో రెండు మాటల మధ్య ఖాళీ ఉంటుంది కదా, అదొచ్చి ఇక్కడ అడ్డం పడింది. ఇంత చిన్న కారణానికి గంటన్నర. పిల్లలకి నేను సెమికోలన్ మర్చిపోయారని ఎన్ని మార్కులు కోశానో గుర్తొచ్చింది. తర్వాత రాత్రంతా నడిచి తెల్లారేసరికి అయింది. ల్యాప్‌టాప్ మీద అట్టు వేసుకోవచ్చు, అంత వేడి. వచ్చిన ఫైలు నూట యాభై ఎంబీ చిల్లర. పాత కార్డులో ఉన్నది నాలుగు జీబీ దాటి ఉంది.

దాన్ని కార్డులో దింపే ఆజ్ఞ ఒకటుంది, డీడీ అని. ఒక్క అక్షరం తప్పు కొడితే కార్డు బదులు పెళ్లి వీడియోలున్న డిస్కు చెరిగిపోతుంది. నాకు పోలేదు, దేవుడి దయ.

బోర్డు లేచిందో లేదో చూడాలంటే తెర కన్నా, బోర్డు పంపే అక్షరాలను ల్యాప్‌టాప్‌కి చేరవేసే సీరియల్ తీగ మేలు. 3.3 వోల్టుల యూఎస్‌బీ తీగ, వేగం 115200. ఐదు వోల్టులది తగిలిస్తే బోర్డు పిన్ను కాలిపోతుంది, జాగ్రత్త. నాకు మొదట పిచ్చి గుర్తులు వచ్చాయి. ఈ రాస్‌ప్‌బెర్రీ పై 3లో అసలైన సీరియల్ పోర్టును బ్లూటూత్‌కి ఇచ్చి, మనకు చిన్నదాన్ని వదిలారు. ఆ చిన్నదాని వేగం గ్రాఫిక్స్ భాగం గడియారంతో పాటు ఊగుతుంది. సెట్టింగుల ఫైలులో ఒక్క లైను చేర్చి పెద్ద పోర్టును వెనక్కి లాక్కుంటే అక్షరాలు కుదురుకున్నాయి. పాల పెట్టెకి బ్లూటూత్ ఎందుకు చెప్పండి.

కాటా, ఎనలైజర్ రెండూ పాత సీరియల్ రకమే. రెంటికీ యూఎస్‌బీ కన్వర్టర్లు తగిలించాను. ఏదీ కనిపించలేదు. డ్రైవర్, అంటే పరికరంతో మాట్లాడే ప్రోగ్రాము, కార్డులో ఉంది, నా కళ్లతో చూశాను. ఉండి లాభమేంటి, దాన్ని లేపేవాడు లేడు. పరికరాలను చూసుకునే పనికి బిల్డ్‌రూట్ మెనూలో నాలుగు పద్ధతులుంటాయి. తక్కువుంటే మంచిదని నేను దాదాపు ఏమీ చేయనిదాన్ని ఎంచుకున్నాను. దాంట్లో పరికరం తగిలిస్తే 'ఎవరో వచ్చారు' అని డ్రైవర్‌ని పిలిచే మనిషి ఉండడు. చిన్నదిగా కట్టడమంటే అన్నీ పీకేయడం కాదని అప్పుడు తెలిసొచ్చింది. చేత్తో డ్రైవర్ని లేపే ఆజ్ఞ ఒకటి రాసేసి, పనైపోయిందనుకున్నాను.

పని కాలేదు. రెండు కన్వర్టర్లూ ఒకే రకం. ఏది ముందు లేస్తే దానికి సున్నా నంబరు, రెండోదానికి ఒకటి. మూడో రోజు పొద్దున అవి వంతులు మార్చుకున్నాయి. నా ప్రోగ్రామేమో వచ్చిన లైనులో మొదటి అంకె పట్టుకునే రకం. ఒక పెద్దావిడ 4.3 కిలోల పాలు పోసింది, ఫ్యాట్ 6.8 వచ్చింది. చీటీలో పాలు 6.8 కిలోలు, ఫ్యాట్ 4.3. ఆవిడ చీటీ తిప్పి తిప్పి చూసి, "మాస్టారూ, నా గేదె నాకు తెలీకుండా ఇన్ని పాలు ఎప్పుడిచ్చింది?" అంది. పక్కన చేతిరాత పుస్తకం కూడా నడుపుతున్నాం కాబట్టి సరిపోయింది. ఆ రోజే ఈయూడెవ్ అనే పద్ధతికి మారి, నంబర్లు మానేసి, ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉంటే ఆ పేరు పెట్టాను. పై రంధ్రం పేరు 'కాటా', కింద రంధ్రం పేరు 'ఫ్యాట్'. పెట్టె మీద కూడా పెయింటుతో అవే రాయించాను.

గడియారానికి డీఎస్3231 అనే చిన్న చిప్పు బోర్డు కొని తగిలించాను. వెనక బొత్తాం బ్యాటరీ ఉంటుంది. కెర్నెల్ మెనూలో దాని పేరుతో వెతికితే సరైనది దొరకదు, దాని అన్నగారు డీఎస్1307 పేరు మీద ఉన్న డ్రైవరే దీన్నీ చూసుకుంటుంది. అది పెట్టేదాకా మా చీటీల మీద తారీఖు 1970 జనవరి 1. యూనిక్స్ కాలం అక్కడే మొదలవుతుంది. మా బావమరిది ఆ చీటీ ఒకటి పర్సులో దాచుకున్నాడు. అప్పటికి వాడు పుట్టలేదు.

ఇక తెలుగు సంగతి. దీనికి మీ పత్రికలో కాస్త ఎక్కువ చోటు అడుగుతున్నాను, మన్నించండి. పాత పెట్టె చీటీల మీద పేర్లు తెలుగులోనే వచ్చేవి గానీ ఒత్తులు ఊడిపోయేవి. మా ఊళ్లో పాలు పోసే ఆడవాళ్లలో సగం మంది పేర్లలో లక్ష్మి ఉంటుంది. చీటీ మీద ఆవిడ ల, క, పొల్లు, ష, పొల్లు, మ, విడిగా ఒక గుడి అయి ఏడు ముక్కలుగా పడేది. ఏళ్ల తరబడి అలాగే తీసుకెళ్లారు. కంప్యూటర్‌కి తెలుగు అంతే వచ్చు కాబోలు అనుకున్నారు. అది కంప్యూటర్ తప్పూ కాదు, తెలుగు తప్పూ కాదు. యూనికోడ్‌లో 'క్ష్మి' అన్నది వరుసగా ఉన్న ఆరు సంకేతాలు. వాటిని కలిపి ఏ అక్షరం కింద ఏ వత్తు, ఎంత కిందికి, గుడి ఎక్కడ అని తీర్చిదిద్దేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఫాంటు ఒక్కటీ ఉంటే చాలదు. పోత పోసిన అక్షరాలున్నా కంపోజిటర్ లేని ప్రెస్సు ఎలా ఉంటుందో, అలా ఉంటుంది. మీకు చెప్పాలా.

అక్షరాలు పేర్చే పాంగో, గీసే కైరో, హార్ఫ్‌బజ్ మూడూ బిల్డ్‌రూట్ మెనూలో ఉన్నాయి. టిక్కు పెట్టడమే. వేడి కాగితం ప్రింటర్ లోపల తెలుగు అక్షరాలుండవు కాబట్టి, పేరును బొమ్మగా గీసి పంపాలి. 58 మిల్లీమీటర్ల కాగితం మీద అడ్డంగా 384 చుక్కలు. ఉచితంగా దొరికే 'మండలి' ఫాంటు వేశాను. మండలి వెంకట కృష్ణారావు గారి పేరు మీద వచ్చిన ఫాంటు, చిన్న సైజులో కూడా వత్తులు చెదరవు. మొదటి చీటీ అందుకున్నావిడ ఏమీ అనలేదు. కాస్త దూరంగా పట్టుకుని చదివి, మడిచి, పమిటకొంగున ముడేసుకుని వెళ్లింది. మామూలుగా ఆవిడ చీటీని అక్కడే పడేసేది.

చివరిది, అసలైనది, మీ ఫొటోలోని జబ్బు. లినక్స్ ఉన్న భాగాన్ని ఎవరూ రాయలేని, చదవడానికి మాత్రమే వీలుండే స్క్వాష్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో కట్టాను. పాల లెక్కలు మాత్రం మూడో భాగంలో విడిగా. చీటీ కొట్టిన వెంటనే రాసి, రాసిందని రూఢి చేసుకున్నాకే తర్వాతి బిందె. ఇక్కడ కూడా ఒకసారి బోర్లాపడ్డాను. ఆ స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌ని చదవగలిగే డ్రైవర్ని కెర్నెల్‌లో కలపకుండా మాడ్యూలుగా, అంటే విడి ఫైలుగా, పెట్టాను. ఆ మాడ్యూల్ ఉన్నదేమో స్క్వాష్‌ఎఫ్‌ఎస్ లోపల. తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టు. తెర మీద ఏం వచ్చిందనుకున్నారు? కెర్నెల్ పానిక్, కొసన 179,2. అందుకే మీ ఫొటో చూడగానే గుర్తుపట్టాను. ఏళ్ల తరబడి నడిచిన పెట్టెలో అదే లైను వస్తే మాత్రం నాలాంటి తెలివితక్కువతనం కాదు, కార్డే దెబ్బతిని ఉంటుంది.

అన్నీ అయ్యాక బావమరిది కొడుకుని ప్లగ్గు దగ్గర కూర్చోబెట్టాం. ఇష్టమొచ్చినప్పుడు పీకరా అన్నాం. ఆ వయసు పిల్లాడికి అంతకన్నా ఆనందం ఏముంది. గోడ క్యాలెండర్ మీద గీతలు పెడుతూ వంద లెక్కపెట్టాం. వందసార్లూ లేచింది. ప్లగ్గు పెట్టిన పది పన్నెండు సెకన్లకి 'పాలు పోయండి' అని తెర మీద వస్తుంది.

ఇదంతా నా గొప్ప చెప్పుకోవడానికి రాయలేదు. నాకు నాలుగు నెలలు పట్టింది. అందులో మూడు నెలలు ఆ పెట్టెను అమ్మినవాళ్లకి తెలిసి, మాకు చెప్పని విషయాలు కనుక్కోవడానికే పోయాయి. ఎనలైజర్ ఏ వేగంతో మాట్లాడుతుంది, ఏ అంకె తర్వాత ఏ అంకె పంపుతుంది, పాత కార్డు పాస్‌వర్డ్ ఏమిటి. మా అత్తగారు ఆవకాయ జాడీతో పాటు కారం, ఆవపిండి, ఉప్పు కొలతలు రాసిన చీటీ కూడా మా ఆవిడకి ఇచ్చి పంపింది. జాడీ ఏడాదికి ఖాళీ అయింది, చీటీ ఇంకా ఉంది. మెషీన్ అమ్మేవాళ్లు జాడీ మాత్రమే ఇస్తున్నారు. కొనేవాళ్లకి చీటీ అడగాలని తెలియడం లేదు. సంఘాలు గానీ పంచాయతీలు గానీ ఇలాంటి పెట్టెలు కొనేటప్పుడు టెండరు కాగితంలో ఒక్క వాక్యం చేర్చాలి, ఈ పెట్టెలోని వ్యవస్థను మళ్లీ మొదటినుంచి కట్టడానికి కావలసినవన్నీ డెలివరీతో పాటే ఇవ్వాలని. నా కోరిక ఇదొక్కటే.

'అన్నీ' అంటే కొండంత సరుకేమీ కాదు. మా పెట్టె బిల్డ్‌రూట్ సెట్టింగుల ఫైలు నలభై ఆరు లైన్లు. కెర్నెల్ సెట్టింగులు ఇంకో ఫైలు. మనం చేర్చిన నాలుగైదు చిన్న ఫైళ్లున్న ఒక ఫోల్డరు. దాంతో పాటు, అందరూ మర్చిపోయేది, దించుకున్న మూలాలన్నీ ఉండే డౌన్‌లోడ్ ఫోల్డరు. పదేళ్ల తర్వాత ఆ వెబ్‌సైట్లు ఉంటాయో ఉండవో, ఈ ఫోల్డరుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా కట్టుకోవచ్చు. మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో సరిపోతుంది.

అమ్మేవాళ్లకి ఇది దయాధర్మం కాదని కూడా చెప్పాలి. లినక్స్ కెర్నెల్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంటుంది. దాని మూడో సెక్షన్ ప్రకారం కెర్నెల్‌ని ఇంకొకరికి అందించినవాళ్లు మూలాన్నీ, దాన్ని కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులనూ ఇవ్వాలి, లేదా కనీసం మూడేళ్లు చెల్లేలా ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. బిజీబాక్స్‌దీ అదే లైసెన్సు. ఎవరి లైసెన్సు ఏమిటో, మూలాలతో సహా ఒకచోట పోగేసి ఇచ్చే ఆజ్ఞ బిల్డ్‌రూట్‌లోనే ఉంది. కొట్టడానికి ఒక్క లైను. మన ఇళ్లల్లో వైఫై రౌటర్ల కథ గుర్తుచేసుకోండి. 2003లో లింక్‌సిస్ రౌటర్ లోపల లినక్స్ ఉందని బయటివాళ్లు కనిపెట్టి అడిగితే ఆ కంపెనీ మూలం బయటపెట్టింది. 2004కల్లా దాన్ని పట్టుకుని, బిల్డ్‌రూట్ ఆధారంగా, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ల లినక్స్ పుట్టింది. కంపెనీ వదిలేసిన పాత రౌటర్లను ఇవాళ్టికీ జనం దాంతో నడుపుకుంటున్నారు. అమ్మినవాళ్లు సొంతంగా రాసుకున్న పాల లెక్కల ప్రోగ్రామ్ వేరే మాట, దాని మీద హక్కు వాళ్లదే. కానీ కాటా ఏ భాషలో మాట్లాడుతుందన్నది ఏం రహస్యమండీ?

నా స్నేహితుడొకాయన ఇది విని, అందరి చేతికీ కొలతల చీటీ ఇస్తే ఎవడో తూకంలో మోసం చేస్తాడు కదా అన్నాడు. తీసిపారేయాల్సిన మాట కాదు. తూనికలు-కొలతల శాఖ ముద్ర పడేది కాటా మీద. మేం దాన్ని ముట్టుకోలేదు, అది పంపే అంకెను చదువుతున్నాం అంతే. కాటా మీద అంకె అటువైపు నిలబడ్డ మనిషికీ కనబడుతూ ఉంటుంది, చీటీతో సరిచూసుకోవచ్చు. మా పెద్దావిడ గేదె విషయంలో జరిగింది అదే. మూసిన పెట్టెలో మోసం జరగదని ఎవరు చెప్పారు? కనబడదు, అంతే తేడా. నిజం చెప్పాలంటే నా పెట్టె కూడా పూర్తిగా తెరిచినది కాదు. ఈ బోర్డులో ముందు లేచేది గ్రాఫిక్స్ భాగం, దాని మొదటి ఫైళ్లు మూలం లేకుండానే వస్తాయి. నా విద్యార్థి బీగల్‌బోన్ బ్లాక్ అనే బోర్డు అయితే, కెర్నెల్‌ని లేపే యూబూట్ ప్రోగ్రాము దగ్గర్నుంచీ మనమే కట్టుకోవచ్చంటున్నాడు. వచ్చే పెట్టెకి చూద్దాం.

మా పాలిటెక్నిక్ పిల్లల మాట ఒకటి చెప్పి ఆపుతాను. నేను చెప్పినన్నాళ్లూ 8051 చెప్పాను. మంచి చిప్పే, 1980 నాటిది, పునాదికి అదే బలం. కానీ ఇవాళ మా పల్లె పాలకేంద్రంలో ఉన్నది అది కాదు. మూడో ఏడు ప్రాజెక్టు కింద ముగ్గురు పిల్లలకి ఒక పాత బోర్డు, ఒక సీరియల్ తీగ ఇచ్చి, చుట్టుపక్కల ఊళ్లో మూలనపడ్డ ఒక పెట్టెను లేపుకురమ్మంటే చాలు. మోటార్ల వేగం కొలిచే ప్రాజెక్టు ఏటా ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ కొట్టడం కన్నా నయం. వైవా మార్కులు పెద్దావిడే వేస్తుంది.

మా సంఘం పెన్‌డ్రైవ్ ఇప్పుడు బీరువాలో మినిట్స్ పుస్తకం పక్కన ఉంది. ఇంకోటి నా విద్యార్థి దగ్గర ఉంది. నేను లేకపోయినా వాడు కట్టగలడో లేదోనని వాణ్ని ఒకసారి రప్పించి, నా సాయం లేకుండా కట్టించాను. ఒక్క చోట ఆగాడు, అక్కడ నేను రాసిపెట్టడం మర్చిపోయిన ఆజ్ఞ ఒకటుంది. అదీ రాసిపెట్టాను.

సంపాదకులు గారూ, మీ విలేకరి ద్వారా ఆ ఫొటోలోని పాలకేంద్రం వాళ్లకి ఒక్క కబురు వెంటనే అందించండి. ఆ కార్డు పారేయొద్దు, ఫార్మాట్ అసలు చేయొద్దు. పెట్టెలో పెట్టి మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు. ఇంకో కంప్యూటర్లో ముందు కార్డు మొత్తానికీ నకలు తీయాలి, ఏం చేసినా ఆ నకలు మీదే చేయాలి. కార్డులో ఫైళ్ల అమరిక మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 అయితే మొదటి సూపర్‌బ్లాక్ (ఆ అమరిక వివరాలు రాసి ఉండే చోటు) చెడినా నకలు సూపర్‌బ్లాకులు లోపల వేరే చోట్ల ఉంటాయి. మామూలుగా 32768వ బ్లాకు దగ్గర ఒకటి ఉంటుంది, మరమ్మతు ఆజ్ఞకి ఆ అంకె ఇచ్చి చూడమనండి. పది రోజుల పాల బిల్లు ఇంకా అందులోనే ఉండొచ్చు. వాళ్లవల్ల కాకపోతే కార్డు కాగితంలో చుట్టి తెమ్మనండి. నా చిరునామా మీ ఆఫీసులో ఉంది. సాయంత్రం ఆరు దాటాక రమ్మనండి, ఆరులోపు నేను పాలకేంద్రంలో ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
తెనాలి.
(పేరు ప్రచురించవద్దని మనవి)